నీడిల్‌పాయింట్: కుర్చీ సీటుకు ఏ కుట్టు మేలు, ఏ చట్రం మేలు?

దారపుబంతి, నల్లకుంట:

అందరికీ నమస్కారం. కాడకుట్టు, గొలుసుకుట్టు, ముడికుట్టు వంటివి గుడ్డ మీద చాలాకాలంగా వేస్తున్నాను. ఇప్పుడు మా అత్తగారి నాటి టేకు కుర్చీలకు, కాన్వాస్ నిండా ఉన్నితో కుట్టే నీడిల్‌పాయింట్ సీట్లు వేయించాలని సంకల్పించాను. ఒక్కొక్క సీటు 16 అంగుళాల చదరం. అంగుళానికి 12 దారాలుండే మోనో కాన్వాస్ (ఒంటి దారాలతో నేసిన గళ్ళ గుడ్డ) తీసుకుందామనుకుంటున్నాను.

నాకున్న సందేహాలు రెండు. టెంట్ కుట్టును హాఫ్ క్రాస్, కాంటినెంటల్, బాస్కెట్‌వీవ్ అనే మూడు పద్ధతుల్లో వేయవచ్చని, ముందువైపు మూడూ ఒకేలా కనిపిస్తాయని చదివాను. అలాంటప్పుడు వాటిలో ఏది ఎంచుకున్నా ఒకటే కాదా? రెండవది చట్రం సంగతి. కోఠీలో ఒక దుకాణంవారు పెద్ద చెక్క రింగు చాలన్నారు. మగ్గం పని చేసే పక్కింటి అమ్మాయి మగ్గం మీద బిగిస్తేనే పని నీటుగా వస్తుందంటోంది. సామాను కొనకముందే అనుభవజ్ఞుల మాట వినాలని అడుగుతున్నాను.

సూదిమొన, పద్మారావునగర్:

దారపుబంతిగారూ, ముందు నుంచి చూస్తే తేడా తెలియదన్నది నిజమే, కానీ సీటు ఎన్నాళ్ళు మన్నుతుందో నిర్ణయించేది వెనకవైపే. నిలువు దారమూ అడ్డదారమూ కలిసే ప్రతి కూడలి మీద, ఎడమవైపు కింది గడి నుంచి కుడివైపు పై గడికి ఏటవాలుగా పడే చిన్న కుట్టే టెంట్ కుట్టు. ఒక కుట్టు నుంచి మరో కుట్టుకు సూది వెనకవైపు ఏ దారిన వెళుతుందన్నదే ఈ మూడు పద్ధతుల మధ్య ఉన్న తేడా.

హాఫ్ క్రాస్‌లో వెనక పొట్టి నిలువు కుట్లే పడతాయి కనుక, కాంటినెంటల్‌తో పోలిస్తే ఉన్ని సుమారు మూడో వంతు ఆదా అవుతుంది. ఆ ఆదా చూసి కుర్చీ సీటుకు దాన్ని ఎంచుకోవద్దని నా గట్టి సలహా. వెనక పొర పలచగా ఉండడం వల్ల, రోజూ కూర్చుని లేచే ఒరిపిడికి అది త్వరగా అరిగిపోతుంది. పైగా మోనో కాన్వాస్‌లో దారాలు ఒకదాని మీద ఒకటి ఊరికే ఆని ఉంటాయి కాబట్టి, హాఫ్ క్రాస్ కుట్లు వాటి సందుల్లోకి జారిపోతుంటాయి. కూడళ్ళు కదలకుండా నేసిన ఇంటర్‌లాక్ కాన్వాస్ మీదనో, జంట దారాల పెనెలోపీ కాన్వాస్ మీదనో అయితే ఆ ఇబ్బంది ఉండదు. గోడకు తగిలించే పటాలకు అది సరిపోతుంది.

కాంటినెంటల్ కుట్టును కుడి నుంచి ఎడమకు వరుసగా వేస్తారు. వెనక పొడవైన ఏటవాలు కుట్లు పడతాయి కనుక గట్టిగానే ఉంటుంది. అయితే ముందూ వెనకా కుట్లన్నీ ఒకే పక్కకు లాగడం వల్ల, చదరంగా ఉండవలసిన కాన్వాస్ క్రమంగా ఒక పక్కకు ఒరిగిపోతుంది. కాడలు, ఆకుల అంచులు, అక్షరాలు వంటి సన్నని గీతలకు దీన్నే వాడండి. మిగిలిన నేపథ్యమంతా బాస్కెట్‌వీవ్‌తో నింపండి.

బాస్కెట్‌వీవ్‌ను పై ఎడమ మూల నుంచి కింది కుడి మూల వైపుగా, ఏటవాలు వరుసల్లో వేస్తారు. దిగే వరుసలో సూది వెనక నిలువుగానూ, ఎక్కే వరుసలో అడ్డంగానూ నడుస్తుంది కాబట్టి వెనకవైపు చాప అల్లినట్టు తయారవుతుంది. లాగుడు రెండు దిక్కులా సమంగా పడడం వల్ల కాన్వాస్ పెద్దగా ఒరగదు. కాన్వాస్‌ను వెలుతురుకు పట్టి చూడండి: ఒక కూడలిలో నిలువు దారం పైన ఉంటే దాని పక్క కూడలిలో అడ్డదారం పైన ఉంటుంది, కానీ ఏటవాలుగా చూస్తే ఒక వరుసలోని కూడళ్ళన్నీ ఒకే రకంగా ఉంటాయి. నిలువు దారం పైనున్న వరుసలో దిగాలి, అడ్డదారం పైనున్న వరుసలో ఎక్కాలి. ఈ నియమం ఒక్కటి పట్టుబడితే మిగతాదంతా సులువే. దిశ తప్పి దిగే వరుసలు రెండు పక్కపక్కన పడ్డాయంటే, ముందువైపు సన్నని ఏటవాలు గీత తేలుతుంది. అందుకని పని ఆపేటప్పుడు వరుస చివర ఆపకుండా మధ్యలో ఆపండి. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు దిగుతున్నామో ఎక్కుతున్నామో చూడగానే తెలుస్తుంది. సూదిని మాత్రం కుట్టులో వదలకండి. పూత పోయిన సూది వానాకాలపు తేమకు తుప్పుపట్టి మరక చేస్తుంది.

12 గళ్ళ కాన్వాస్‌కు 20వ నంబరు టాపెస్ట్రీ సూది సరిపోతుంది. దాని మొన మొద్దుగా ఉంటుంది కనుక కాన్వాస్ దారాన్ని చీల్చదు. ఉన్నిని 18 అంగుళాలకు మించి తీసుకోవద్దు, ఎందుకంటే గళ్ళ ఒరిపిడికి దాని నూగు రాలి, చివరికి వచ్చేసరికి పోగు పలచబడుతుంది. మొదటి ముడిని ముందువైపునే, కుట్టబోయే దారిలో ఒక అంగుళం అవతల వేయండి. కుట్లు అక్కడిదాకా వచ్చి వెనకనున్న దారాన్ని కప్పేశాక, ఆ ముడిని కత్తిరించేయవచ్చు.

కార్చోబ్, శాలిబండ:

అమ్మా, మాది జర్దోజీ పని చేసే ఇల్లు కనుక చట్రం గురించి చెబుతాను. మీ పక్కింటి అమ్మాయి చెప్పిన మాటలో న్యాయం ఉంది గానీ, మగ్గం మీకు అక్కరలేదు. రెండు పొడవైన కర్రలు, వాటిని ఎడంగా నిలిపే రంధ్రాల బద్దలు, పక్కలను లాగి కట్టే పురికొస, ఇదే మగ్గం, మేం కార్చోబ్ అంటాం. చీరకో లెహంగాకో అది కావాలి, ఎందుకంటే గుడ్డ పొడవుగా ఉంటుంది, నలుగురు చుట్టూ కూర్చుని పని చేస్తారు. 20 అంగుళాల ముక్కకు అంత సరంజామా దండగ.

ఇక రింగు సంగతి. నూలు గుడ్డకు అంతకంటే మంచిది లేదు, లోపలి రింగుకు నాడా చుట్టుకుంటే పట్టు కూడా బాగుంటుంది. కానీ కాన్వాస్ గంజి పెట్టిన బిరుసు గుడ్డ. రింగు అంచున పడిన మడత అంత సులువుగా పోదు, అప్పటికే కుట్టిన ఉన్ని కూడా రింగు కింద నలిగిపోతుంది. అందుచేత కాన్వాస్‌కు రింగు వద్దు.

మీకు తగినది నాలుగు బద్దల స్ట్రెచర్ ఫ్రేమ్. కుట్టు 16 అంగుళాలైతే చుట్టూ రెండేసి అంగుళాలు వదిలి, కాన్వాస్‌ను 20 అంగుళాలకు కత్తిరించండి. 20 అంగుళాల బద్దలు నాలుగు తీసుకుంటే, బద్ద వెడల్పు అంగుళం చొప్పున పోగా లోపల 18 అంగుళాల జాగా మిగులుతుంది కాబట్టి సూది ఎక్కడా కర్రకు తగలదు. దుకాణంలో దొరక్కపోతే వడ్రంగిచేత టేకు రీపర్లతో చేయించుకోవచ్చు. మూలలు గుణిమట్టానికి సరిగ్గా ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి, ఎందుకంటే చట్రం వంకర అయితే పని కూడా వంకరే అవుతుంది. కాన్వాస్ అంచులకు మాస్కింగ్ టేపు అంటించి, ముందుగా ప్రతి బద్ద నడుమా ఒక్కో డ్రాయింగ్ పిన్ను గుచ్చి, అక్కడి నుంచి మూలల వైపు జరుగుతూ అంగుళానికొకటి చొప్పున గుచ్చండి. వానాకాలంలోనూ, కూలర్ ముందు కూర్చున్నప్పుడూ గంజి మెత్తబడి బిగువు సడలుతుంది. అప్పుడు పిన్నులు తీసి మళ్ళీ లాగాలి.

చట్రాన్ని బల్ల అంచున ఆనించి, ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద ఉంచి, సూదిని నిటారుగా దించి నిటారుగా తీయండి. బిగించిన కాన్వాస్‌లో సూదిని ఒకేసారి గుచ్చి పైకి లేపబోతే గళ్ళు సాగిపోతాయి.

చదరపుగళ్ళు, అల్వాల్:

పైనా కిందా ఉన్న తిరిగే కర్రలకు కాన్వాస్‌ను చుట్టుకునే స్క్రోల్ ఫ్రేమ్ గురించి ఎవరూ చెప్పలేదు కనుక రెండు మాటలు. ద్వారం మీద కట్టే తోరణంలాంటి పొడవైన పనికి అది చాలా అనుకూలం, అయితే పక్కలు వదులుగా ఉండిపోతాయి కాబట్టి వాటిని పురికొసతో కట్టుకోవాలి. సీటుకు మాత్రం కార్చోబ్‌గారు చెప్పినదే సరి. ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. బాస్కెట్‌వీవ్‌ను చట్రం లేకుండా చేతిలో పట్టుకుని కుట్టేవారు చాలామంది ఉన్నారు. చెయ్యి బిగువుగా లాగే స్వభావం లేనివారికి అది వేగంగానూ సాగుతుంది. చట్రం తప్పనిసరి అనకుండా, ముందు ఒక చిన్న ముక్క మీద రెండు విధాలా కుట్టి చూసుకోమంటాను.

దారపుబంతి, నల్లకుంట:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒక సీటుకు ఉన్ని ఎంత పడుతుందో, స్వెటర్ ఉన్ని వాడవచ్చో లేదో, చివర్లో కాన్వాస్ కొంచెం ఒరిగితే సరిచేయడం ఎలాగో కూడా చెప్పగలరా?

సూదిమొన, పద్మారావునగర్:

స్వెటర్ ఉన్ని వద్దండి. అది సాగడానికి తయారైన దారం కాబట్టి, బిగువుగా వేసిన కుట్టులో సన్నబడి కాన్వాస్‌ను కప్పదు, ఒరిపిడికి ఉండలు కట్టుకుంటుంది కూడా. టాపెస్ట్రీ ఉన్నే తీసుకోండి.

16 అంగుళాల చదరంలో 12 గళ్ళ చొప్పున 36,864 కుట్లు పడతాయి. బాస్కెట్‌వీవ్‌లో చదరపు అంగుళానికి ఒక మీటరు పైచిలుకు ఉన్ని ఖర్చవుతుంది కనుక, మొదలూ చివరా పోయే తుంపులతో కలిపి సీటుకు దాదాపు 300 మీటర్లు, అంటే 8 మీటర్ల స్కీన్లు (చిన్న ఉన్ని చుట్టలు) ఇంచుమించు 40 అవసరమవుతాయి. నేపథ్యపు రంగును అన్ని సీట్లకూ కలిపి ఒకేసారి, ఒకే లాట్ నంబరుతో కొనండి. అద్దకం మారితే ఛాయలో తేడా వస్తుంది, అది నేపథ్యంలో స్పష్టంగా కనబడిపోతుంది.

ఒరిగిన కాన్వాస్‌ను బ్లాకింగ్‌తో సరిచేస్తారు. ముందుగా తడి తెల్లగుడ్డతో ప్రతి రంగునూ అద్ది, రంగు దిగడం లేదని నిర్ధారించుకోండి. మెత్తటి చెక్కబోర్డు మీద 16 అంగుళాల చదరం గీసిన కాగితం పరచి, పని మీద నీళ్ళు చిలకరించి, నీళ్ళకు గంజి మెత్తబడ్డాక బోర్లా పెట్టి, మూలలను ఎదురు దిక్కుకు లాగుతూ గీతకు సరిగ్గా వచ్చేలా తుప్పు పట్టని పిన్నులతో బిగించండి. పిన్నులు కుట్లలో పడకుండా అంచు ఖాళీలోనే పడాలి. ఎండలో పెట్టకుండా ఫ్యాను గాలికి నీడలో ఆరనివ్వండి. పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి మిగిలి ఉంటే, పిన్నులు తీయగానే మళ్ళీ ఒరుగుతుంది. అందుకని పిన్నులు తీసేముందు వెనకవైపు అరచెయ్యి ఆనించి, చల్లదనం తగలడం లేదని చూసుకోండి.