షోకి 9 రోజులే ఉంది, పిల్లి తోక జిడ్డు వదలడం లేదు

మాది తెల్ల పర్షియన్ మగపిల్లి. 14 నెలలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించలేదు. ఇదే మొదటి క్యాట్ షో. ఒళ్లంతా దూదిలా విచ్చుకుంటుంది, తోక మొదట్లో మాత్రం రెండంగుళాల మేర బొచ్చు నూనె రాసినట్టు పసుప్పచ్చగా, పాయలు పాయలుగా అతుక్కుపోతోంది. చర్మం మీద ఎరుపు, పుండ్లు లేవు. నల్లటి చుక్కలు కొన్ని ఉన్నాయి.

పిల్లుల షాంపూతో, గోరువెచ్చని నీళ్లతో వారంలో 2 సార్లు స్నానం చేయించాను. డ్రయ్యర్‌తో ఆరబెడుతూ స్టీల్ దువ్వెనతో దువ్వాను (డ్రయ్యర్ చప్పుడుకి బెదరడు, అదొక్కటే అదృష్టం). మూడో రోజుకి మళ్లీ జిడ్డే. మొక్కజొన్న పిండి చల్లి దులిపితే కాస్త పీల్చింది గానీ కుదుళ్లలో తెల్లగా మిగిలిపోయింది. పౌడర్ కనిపిస్తే జడ్జీలు ఊరుకోరు కదా.

షో రోజుకి తోక విచ్చుకుని ఉండాలంటే చివరి స్నానం ఎన్ని రోజుల ముందు, దేనితో చేయించాలి?