అమ్మకి బ్రిడ్జి వేసే ముందు రెండు దవడల మోడల్స్ చేసి ఆర్టిక్యులేటర్ మీద పెట్టి చూడాలంటున్నారు, అంత అవసరమా?

కొర్లగుంట_టీచర్:

అందరికీ నమస్తే. మాది తిరుపతి. మా అమ్మకి 61 ఏళ్ళు. కింద కుడివైపు మొదటి దవడ పన్ను పుచ్చిపోతే ఆరేళ్ళ కిందట పీకించేశాం. ఆ తర్వాత కట్టించుకోమని ఎన్నిసార్లు చెప్పినా, ఎడమవైపు నములుతున్నాను కదా అని వాయిదా వేస్తూనే వచ్చింది. ఇప్పుడు ఎడమవైపు కూడా నొప్పి మొదలైంది, చెనక్కాయలు, మురుకులు మానేసి సంగటితో, మెత్తగా వండిన అన్నంతో నెట్టుకొస్తోంది.

పోయిన వారం ఒక డాక్టరు గారికి చూపించాం. రెండు సిట్టింగుల్లో బ్రిడ్జి (ఖాళీకి రెండు పక్కల పళ్ళ మీద ఆనించి కట్టే పన్ను) అయిపోతుందని అనుకుని వెళ్ళాను. ఆయన ఎక్స్‌రే తీసి, నోరంతా చూసి, ఇప్పుడే పళ్ళు అరగదీయను, ముందు పైదవడకీ కిందిదవడకీ కొలతలు తీసి మోడల్స్ పోసుకుని, ఆర్టిక్యులేటర్ అని దవడలా తెరుచుకుని మూసుకునే పరికరం మీద బిగించి చూశాక ఏం చేయాలో చెప్తాను, వారం తర్వాత రండి అన్నారు. చెవుల దగ్గర ఆనించి పెట్టే ఫ్రేము లాంటిదాంతో ఇంకో కొలత కూడా తీస్తారట. దీనికి వేరే ఫీజు.

డబ్బు సంగతి ఒక్కటే అయితే ఇక్కడ అడిగేదాన్ని కాదు. మూడేళ్ళ కిందట మా నాయనకి ఇంకో ఊళ్ళో ఒక క్లినిక్‌లో బ్రిడ్జి వేయించాం, అక్కడ ఇవేమీ లేవు, వెళ్ళిన రోజే పళ్ళు అరగదీసి వారానికి బ్రిడ్జి అంటించేశారు. అంటించిన రోజు నుంచీ ఎత్తుగా తగులుతోందని ఆయన గోల. నాలుగుసార్లు తీసుకెళ్ళి పైన అరగదీయించాం, ఏడాది తిరగకముందే పింగాణీ పెచ్చు లేచి లోపలి లోహం బయటపడింది. అందుకే ఈసారి టెన్షన్‌గా ఉంది. ఈ మోడల్స్ వల్ల నిజంగా ఉపయోగం ఉందా, లేక ఒక్క పన్నుకి ఇది ఎక్కువా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కట్టుడుపళ్ళ_డాక్టర్:

టీచర్ గారూ, నేను తిరుపతిలోనే ప్రాక్టీస్ చేస్తాను, ఈ కట్టుడు పళ్ళ విభాగమే నా స్పెషలైజేషన్. మీ అమ్మగారి విషయంలో ఆ డాక్టరు ఆగడం మంచిదే. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

పన్ను పీకి ఆరేళ్ళంటే ఆ ఖాళీ అలాగే ఉండదు. దాని వెనక ఉన్న పన్ను ఖాళీలోకి ముందుకు వాలుతుంది. పైన ఉన్న పన్నుకి కింద ఆనడానికి ఏమీ లేక మెల్లగా కిందికి దిగుతుంది. నోట్లో అద్దం పెట్టి చూస్తే ఇది కొంతే తెలుస్తుంది, ఎందుకంటే మేం ఎప్పుడూ బుగ్గ వైపు నుంచే చూస్తాం. నాలుక వైపు నుంచి, వెనక నుంచి, పళ్ళు మూసి ఉన్నప్పుడు ఎలా కలుస్తున్నాయో బతికున్న మనిషి నోట్లో చూడడం కుదరదు. మోడల్‌ని చేతిలో పట్టుకుని వెనక్కి తిప్పితే అది కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. పై పన్ను ఎంత దిగిందో చూడకుండా బ్రిడ్జి చేస్తే, ఆ దిగిన పన్నుకి సర్దుకునేలా కింద బ్రిడ్జిని గుంటగా చేయాలి, లేదా బ్రిడ్జి ఎత్తుగా తగులుతుంది. మోడల్ మీద అయితే పై పన్నుని ముందు కత్తితో చెక్కి చూసుకోవచ్చు. ఒక మిల్లీమీటరు లోపల సరిపోతే నోట్లో ఎనామిల్ మాత్రం సర్దితే చాలు. రెండు మూడు మిల్లీమీటర్లు చెక్కాల్సి వస్తే ఆ పన్నుకి క్యాప్, ఒక్కోసారి రూట్ కెనాల్ కూడా అవసరం అవుతుంది. ఇది పేషెంట్‌కి ముందే తెలియాలి, సగం పనిలో కాదు. అలాగే వాలిన వెనక పన్నూ, ముందున్న పన్నూ ఒకే దిశలో లేకపోతే బ్రిడ్జి దిగదు, దాన్ని సర్వేయర్ అనే చిన్న పరికరం మీద మోడల్ పెట్టి చూస్తాం. ఎంత అరగదీస్తే రెండూ సమాంతరం అవుతాయో, అప్పుడు నరానికి ఎంత దగ్గరికి వెళ్తామో అక్కడే అంచనా వస్తుంది. ప్లాస్టర్ పన్ను తప్పుగా చెక్కితే ఇంకోటి పోసుకోవచ్చు, అమ్మగారి పన్ను చెక్కేశాక తిరిగి రాదు.

ఇక ఆ ఫ్రేము. దాని పేరు ఫేస్‌బో. మన కింది దవడ చెవి ముందున్న కీలు చుట్టూ తిరుగుతుంది. ఆ కీలుకి పైదవడ ఎక్కడ ఉందో ఫేస్‌బోతో కొలిచి, మోడల్‌ని ఆర్టిక్యులేటర్ మీద అలాగే బిగిస్తాం. బాన్‌విల్ అనే అమెరికా దంతవైద్యుడు 1858లోనే, రెండు కీళ్ళనీ కింది ముందు పళ్ళ మధ్య బిందువునీ కలిపితే సుమారు 4 అంగుళాల భుజాల త్రిభుజం వస్తుందని చెప్పాడు. అంటే కీలు పళ్ళకి చాలా వెనక, పైన ఉంటుంది. చిన్న బందు లాంటి ఆర్టిక్యులేటర్‌లో ఆ కీలు దవడ పళ్ళకి బాగా దగ్గర్లో ఉంటుంది. చిన్న పెట్టె మూత మూసుకునే దారీ, పెద్ద ట్రంకుపెట్టె మూత మూసుకునే దారీ వేరు కదా, ఇదీ అంతే. అక్కడ సరిగ్గా కలిసిన బ్రిడ్జి నోట్లో వెనక వైపు ముందుగా తగులుతుంది. మీ నాయనగారి బ్రిడ్జి ఎత్తుకి కారణం నేను చూడకుండా చెప్పలేను, కానీ పెచ్చు లేవడానికి మాత్రం ఒకేచోట పడే ఒత్తిడి పెద్ద కారణం. పళ్ళ మధ్య వెంట్రుక పడినా మనకి తెలుస్తుంది, రోజూ అక్కడే ముందుగా ఆనుతుంటే పింగాణీ ఎన్నాళ్ళు ఆగుతుంది.

ఎంఎస్ఆర్_సర్కిల్:

డాక్టర్ గారు చెప్పినదంతా సరైనదే, ఒక్క దగ్గర మాత్రం నా మాట వేరు. నేను చిత్తూరులో జనరల్ ప్రాక్టీస్ చేస్తున్నా. మోడల్స్ తప్పనిసరి, అందులో రెండో మాట లేదు. కానీ ఒక్క పన్ను ఖాళీకి, మిగతా పళ్ళన్నీ గట్టిగా ఉండి, నోరు మూస్తే ఒకేచోట స్థిరంగా కూర్చుంటుంటే ఫేస్‌బో లేకుండా మీన్ వాల్యూ ఆర్టిక్యులేటర్ (సగటు కొలతలతో చేసినది) మీద కూడా మంచి పని వస్తుంది. చాలాసార్లు రెండు మోడల్స్ చేత్తో కలిపి పట్టుకుంటేనే అవి వాటంతట అవి కూర్చుంటాయి. ఎక్కువ పళ్ళు కట్టేటప్పుడు, అరిగిపోయిన పళ్ళ ఎత్తు పెంచేటప్పుడు, రెండు వైపులా వెనక పళ్ళు లేనప్పుడు ఫేస్‌బో లేకుండా నేను కూడా ముట్టను. కాబట్టి టీచర్ గారూ, అమ్మగారికి ఎడమవైపు కూడా సమస్య ఉందంటున్నారు కాబట్టి ఆ డాక్టరు రెండు వైపులా కలిపి ఆలోచిస్తున్నారేమో, అడగండి. అడిగితే చెప్పడానికి ఎవరూ కష్టపడరు.

కట్టుడుపళ్ళ_డాక్టర్:

ఒప్పుకుంటాను సార్. ఒక్క బ్రిడ్జి, ఎడమవైపు అంతా బాగుంటే నేనూ పట్టుబట్టను. ఇక్కడ ఎడమ నొప్పి, పై పన్ను దిగడం రెండూ ఉన్నాయని అనుమానం కాబట్టి చెప్పాను.

ల్యాబ్_పని_చిత్తూరు:

అక్కా, నేను డాక్టర్ని కాదు, డెంటల్ ల్యాబ్‌లో పదిహేనేళ్ళుగా పని చేస్తున్నా. డాక్టర్లిద్దరూ ఆర్టిక్యులేటర్ గురించి చెప్పారు, నేను దానికంటే ముందు జరిగే దాని గురించి చెప్తా, ఎందుకంటే నా టేబుల్ మీదికి వచ్చేసరికి సగం తప్పులు అప్పటికే జరిగిపోయి ఉంటాయి.

అమ్మకి కొలత తీసేది ఆల్జినేట్‌తో. పొడిని నీళ్ళలో కలిపి, బౌల్ గోడకి గట్టిగా నొక్కుతూ కలపాలి, ముద్ద నున్నగా మెరవాలి. మన ఎండల్లో ట్యాంకు నీళ్ళు కాగి ఉంటాయి, ఆ నీళ్ళతో కలిపితే ట్రే నోట్లోకి వెళ్ళేలోపే గట్టిపడిపోతుంది, చల్లని నీళ్ళు వాడాలి. ట్రే పెట్టేముందు కొంచెం ఆల్జినేట్‌ని వేలితో నమిలే వైపు గుంటల్లో రుద్దితే బుడగలు రావు. ఈ చిన్న పని వదిలేస్తే ఆ బుడగలోకి స్టోన్ (మోడల్ పోసే గట్టి ప్లాస్టర్) దిగి, మోడల్ మీద పన్ను పైన ఆవగింజంత బొడిపె వస్తుంది. వెనక దవడ పన్ను మీద ఆవగింజంత బొడిపె ఉందంటే ముందు పళ్ళ దగ్గర అంతకంటే ఎక్కువ తెరుచుకుంటుంది, మోడల్స్ రెండూ కలవవు. మేం చూసి గీకేస్తాం, కానీ అది బొడిపో నిజమైన పన్నో కొన్నిసార్లు చెప్పలేం.

తర్వాత ఆలస్యం. ఆల్జినేట్‌లో ఉండేది ఎక్కువ నీళ్ళే. గాలికి వదిలేస్తే నీళ్ళు పోయి కుంచించుకుపోతుంది, నీళ్ళలో వేస్తే పీల్చుకుని ఉబ్బుతుంది. రెండూ తప్పే. తీసిన వెంటనే ఉమ్ము కడిగి, డిసిన్ఫెక్ట్ చేసి, తడి టిష్యూ చుట్టి కవర్లో పెట్టి, పావుగంట లోపల స్టోన్ పోసేయాలి. సాయంత్రం బస్సుకి ఇంప్రెషన్ (ఆ ఆల్జినేట్ కొలత) పంపితే మర్నాడు పొద్దున మేం పోస్తాం, అది మీ అమ్మ నోరు కాదు అక్కా, దానికి దగ్గరగా ఉండే ఇంకో నోరు. అందుకే మోడల్ క్లినిక్‌లోనే పోసి పంపే డాక్టరు అంటే నాకు గౌరవం.

పోసేటప్పుడు కూడా 100 గ్రాముల స్టోన్‌కి 30 మిల్లీలీటర్ల నీళ్ళు, కొలిచే వేయాలి. చేతి అంచనాకి పలచగా కలిపితే సులువుగా దిగుతుంది గానీ మోడల్ మెత్తగా వచ్చి, నాలుగుసార్లు కలిపి చూసేసరికి పళ్ళ కొనలు అరిగిపోతాయి. వైబ్రేటర్ మీద ఒక చివర నుంచి కొంచెం కొంచెంగా వదలాలి. 45 నిమిషాల నుంచి గంట ఆగి విడదీయాలి, రాత్రంతా వదిలేస్తే ఆల్జినేట్ ఎండి మోడల్ పైపొరని సుద్దముక్కలా చేస్తుంది.

ఇంకోటి, మైనంతో తీసిన బైట్, అంటే పై పళ్ళూ కింది పళ్ళూ ఎలా కలుస్తున్నాయో కొరికించి తీసే గుర్తు. మే నెలలో అది బండి డిక్కీలో అరగంట ఉంటే చాలు, మెలితిరిగిపోతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, దాని మీద మోడల్స్ కూర్చుంటాయి కూడా, కానీ తప్పుగా కూర్చుంటాయి. సిలికాన్ బైట్ అయితే ఈ బాధ ఉండదు.

హౌస్‌సర్జన్_తిరుపతి:

అన్నా, ఈ థ్రెడ్ చూసి నా డౌట్ కూడా అడుగుతున్నా. నా పేషెంట్‌కి నోట్లో రెండు వైపులా పళ్ళు చక్కగా ఆనుతున్నాయి, పేపర్ పెట్టి చూశాను. మోడల్స్ ఆర్టిక్యులేటర్ మీద మౌంట్ చేస్తే ఎడమవైపు కాగితం మడత దూరేంత గ్యాప్. రెండుసార్లు మళ్ళీ చేశాను. మా మేడమ్ నువ్వే కనుక్కో అన్నారు.

ల్యాబ్_పని_చిత్తూరు:

ముందు కుడివైపు చివరి పన్ను మీద బొడిపె ఉందేమో లూప్ (భూతద్దం) పెట్టి చూడు తమ్ముడూ. లేకపోతే బైట్ మైనం చిగురుకి తగిలి పైకి లేస్తోందేమో చూడు, పళ్ళ కొనల గుర్తులు మాత్రమే ఉంచి మిగతాది బ్లేడుతో కోసేయాలి. మౌంటింగ్ ప్లాస్టర్ ఒకేసారి గుట్టగా వేశావా? ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వ్యాకోచిస్తుంది, మందంగా వేస్తే మోడల్‌ని జరిపేస్తుంది. కొంచెం వేసి గట్టిపడ్డాక మిగతాది వేయి. ఆర్టిక్యులేటర్ కీలు దగ్గర లాక్ వదులుగా ఉందేమో కూడా చూడు, కాలేజీలో అందరూ వాడేవి కదా.

కట్టుడుపళ్ళ_డాక్టర్:

దానికి ఇంకోటి కలుపుతాను. కింది దవడ ఇంప్రెషన్ తీసేటప్పుడు పేషెంట్‌ని నోరు పూర్తిగా తెరవమన్నావా? కింది దవడ ఎముక బాగా తెరిచినప్పుడు కొద్దిగా లోపలికి వంగుతుంది. ట్రే కూర్చున్నాక నోరు సగం మూయమని చెప్పు.

బైరాగిపట్టెడ_నివాసి:

టీచర్ గారూ, పేషెంట్‌గా ఒక్క మాట. నాకు పైదవడ కొలత అంటే వాంతి వచ్చేది. ముందు కింద తీయించుకోండి, అది సులువు, ధైర్యం వస్తుంది. పైది పెట్టినప్పుడు అమ్మని నిటారుగా కూర్చోబెట్టి తల కొంచెం ముందుకు వంచమనండి, ముక్కుతో గాలి పీల్చమనండి. తిన్న వెంటనే వెళ్ళొద్దు. రెండు మూడు నిమిషాలే.

ఇంకో డౌట్, ఇప్పుడు నోట్లో కెమెరా పెట్టి స్కాన్ చేస్తున్నారు కదా, ఈ ముద్దలు ఇంకా ఎందుకు?

ఎంఎస్ఆర్_సర్కిల్:

స్కానర్ ఉంటే బుడగ, కుంచించుకుపోవడం, బస్సు ఆలస్యం ఇవేవీ ఉండవు, వాంతి బాధ కూడా తక్కువ. కానీ పళ్ళు ఎలా కలుస్తాయన్నది అక్కడా విడిగా స్కాన్ చేయాలి, ఆ క్షణంలో పేషెంట్ దవడ పక్కకి జరిపి మూస్తే తప్పు కంప్యూటర్‌లోకి వెళ్ళిపోతుంది. పరికరం ఖరీదు ఎక్కువ కాబట్టి మన దగ్గర అన్నిచోట్లా లేదు. పేషెంట్‌కి చేతికిచ్చి చూపించడానికి నాకు ఇప్పటికీ స్టోన్ మోడలే ఇష్టం.

కొర్లగుంట_టీచర్:

అందరికీ చాలా థాంక్స్. నిన్న వెళ్ళొచ్చాం. ఆయన మోడల్స్ మా ముందు పెట్టి వెనక నుంచి తిప్పి చూపించారు. మీరు చెప్పినట్టే పై పన్ను కిందికి దిగింది, కింద చివరి పన్ను ముందుకి వాలింది. ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి అంతవరకు చెక్కి చూపించారు, ఒక మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువే వచ్చిందట, పై పన్నుకి క్యాప్ కావాలి, రూట్ కెనాల్ అవసరం రాకపోవచ్చు అన్నారు. ఖాళీలో మైనంతో పన్ను చేసి పెట్టారు. అమ్మ ఆ మోడల్ చేతిలోకి తీసుకుని ఎడమవైపు వేలితో తడిమి, ఇవి ఇంత చదునుగా అయిపోయాయా అంది. ఆరేళ్ళుగా అంతా అటువైపే నమలడం వల్ల అక్కడ ఒక పాత ఫిల్లింగ్ పగిలి ఉంది, నొప్పి దానిది. ముందు అది సరిచేసి ఆ తర్వాత బ్రిడ్జి అన్నారు. ఫేస్‌బో ఎందుకని అడిగితే, ఎడమ పళ్ళకి కూడా రేపు క్యాపులు రావచ్చు, అందుకే అన్నారు.

మోడల్స్ మా దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగాను. పని పూర్తయ్యాక ఇస్తామన్నారు. నాయన బ్రిడ్జి కూడా ఆయనకే చూపిద్దామనుకుంటున్నా.

ల్యాబ్_పని_చిత్తూరు:

తప్పకుండా తీసుకోండి అక్కా. పేపర్లో విడివిడిగా చుట్టి అట్టపెట్టెలో పెట్టండి, ఒకదానిమీద ఒకటి పెడితే కొనలు విరుగుతాయి. దుమ్ము పడితే పొడి బ్రష్‌తో దులపండి, కొళాయి కింద మాత్రం కడగొద్దు, నీళ్ళకి స్టోన్ కరుగుతుంది. వెనక వైపు తేదీ పెన్సిల్‌తో రాసిపెట్టండి, ఐదేళ్ళ తర్వాత ఇంకో మోడల్ తీస్తే పక్కపక్కన పెట్టి ఎంత అరిగిందో చూడొచ్చు. నాయనవి తీసేటప్పుడు ఆ పెచ్చు లేచిన బ్రిడ్జి తీసేయకముందే ఒక మోడల్ తీయమనండి, ఎక్కడ ముందుగా ఆనుతోందో దాని మీద దొరుకుతుంది.