బ్యుప్రెనార్ఫిన్ ఎన్నాళ్లు వాడాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మా తమ్ముడు నొప్పి మాత్రలకు బానిసై, ఎనిమిది నెలలుగా ఆ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే మందు బ్యుప్రెనార్ఫిన్‌తో నిలకడగా ఉన్నాడు. రోజూ పొద్దున్నే మాత్ర నాలుక కింద పెట్టుకుని, కరిగేదాకా గడియారం చూస్తూ మాట్లాడకుండా కూర్చుంటాడు. చేతుల వణుకు పోయింది, నిద్ర పడుతోంది. అమ్మేమో "ఒక మత్తు పోయి ఇంకోటి పట్టుకుంది, ఆపెయ్యి" అని పోరు పెడుతోంది. నాకది తప్పనిపిస్తోంది. 1965లో డోల్, నైస్వాండర్ అనే అమెరికన్ డాక్టర్లు, ఇలాంటి వ్యసనానికే వాడే మెథడోన్ అనే మందుతో చేసిన చికిత్స ఫలితాలు ప్రచురించారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు చదివితే, మందు తొందరపడి ఆపినవాళ్లు మళ్లీ పాత దారి పట్టడమే ఎక్కువ. అప్పటికి ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, పాత మోతాదే ప్రాణం తీయొచ్చు. నా భయమంతా అదే.

ఏళ్ల తరబడి వాడినవాళ్లు, మెల్లగా తగ్గించుకున్నవాళ్లు ఉన్నారా? తగ్గించవచ్చని మీ డాక్టరు దేన్నిబట్టి చెప్పారు? అమ్మకు ఎలా నచ్చజెప్పాలో కూడా చెప్పండి.