ఎన్నారై కోటా పోయింది, లోకల్ కోటా రాలేదు (తిరిగొచ్చిన వాళ్లు ఇక్కడ చెప్పుకోండి)

అలిపిరి_మెట్లు:
12 ఏళ్లు డాలస్‌లో ఉండి పోయిన జూన్‌లో తిరుపతికి వచ్చేశాం. ఎమ్మార్ పల్లిలో నాన్న కట్టిన ఇల్లే. దుమ్ము, హారన్లు, యాత్రికుల బస్సులు... ఇవన్నీ తెలిసే వచ్చాం కాబట్టి వాటి గురించి ఏడవను. నా బాధ వేరే.

ఇదివరకు సెలవులకి వచ్చినప్పుడు ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని కొండ మీద సుపథం (ప్రత్యేక దర్శనాల ప్రవేశం) దగ్గరికి పోతే, ఇండియాలో దిగి నెల దాటకపోతే 300 రూపాయల టికెట్టుతో దర్శనానికి పంపేవాళ్లు. ఈసారి సామాన్లు సర్దుకోవడం, పిల్లల స్కూలు గొడవలు అయ్యేసరికి స్టాంపు మీద నెలా నాలుగు రోజులైంది. ఎన్నారై కాదన్నారు. న్యాయమే, నేను కాదు కదా.

సరే, ఇప్పుడు మనం లోకలే, నెల నెలా మొదటి మంగళవారం స్థానికులకి ఇచ్చే దర్శనానికి పోదాం అనుకున్నా. ఆధార్ తీస్తే అందులో బెంగుళూరు అడ్రస్. 2012లో మారతహళ్లిలో అద్దెకున్న ఇల్లు. "మీరు లోకల్ కాదు సార్" అన్నాడు కుర్రాడు, చాలా మర్యాదగా. మా మేడ ఎక్కితే కొండ మొత్తం కనిపిస్తుంది. నేను పుట్టింది ఈ ఊళ్లో, చదివింది ఎస్వీ యూనివర్సిటీలో.

అడ్రస్ మార్చుకుందామంటే నా పేరు మీద కరెంటు బిల్లు లేదు, ఇంటి పన్ను రసీదు లేదు. అన్నీ నాన్నవే. మీకు ఎవరికైనా ఇలా అయిందా? ఎట్లా బయటపడ్డారు?

కట్టమంచి_కుర్రోడు:
అన్నా, బిల్లు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో "కుటుంబ పెద్ద" ఆధారంగా అడ్రస్ మార్చుకునే పద్ధతి 2023లో వచ్చింది. మీ నాన్నగారి ఆధార్ నంబర్ ఇచ్చి, ఆయనతో సంబంధం చూపించే కాగితం పెట్టండి. ఆయన తన లాగిన్‌లో 30 రోజుల్లోపు సరే అనాలి. అంతే. నేను మా అమ్మది పెట్టి మార్చుకున్నా.

అలిపిరి_మెట్లు:
థాంక్స్ తమ్ముడూ. ఇప్పుడే ప్రయత్నించా. నాన్న లాగిన్‌కి ఓటీపీ కావాలి. ఆయన ఆధార్‌కి ఇచ్చిన మొబైల్ నంబర్ ఎవరిదో తెలుసా? నాదే! నేను అమెరికా పోకముందు వాడిన నంబర్. రీఛార్జి చేయక ఎప్పుడో పోయింది. ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే కర్నూలు నుంచి ఎవరో పెద్దాయన ఎత్తాడు. "నాయనా, నీ ఓటీపీలు నాకు రెండేళ్లుగా వస్తున్నాయి, నువ్వేనా ఆ మనిషి" అన్నాడు.

మిక్సీ_మహానుభావుడు:
పెద్ద పెద్ద సమస్యల మధ్యలో నాదొకటి. అమెరికా నుంచి మిక్సీ మోసుకొచ్చిన వాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. రెండు సెకన్లు బ్రహ్మాండంగా తిరిగింది. ఊరిబిండి రోట్లో నూరుకున్నాం.

చంద్రగిరి_అక్క:
అలిపిరి తమ్ముడూ, లోకల్ అనే మాట విన్నాక ఆగలేక రాస్తున్నా. మాది న్యూజెర్సీ నుంచి రాక, ఏడాది దాటింది. పెద్దది ఇండియాలోనే పుట్టింది, ఇప్పుడు పదో తరగతి. చిన్నోడు అక్కడ పుట్టాడు, అమెరికా పాస్‌పోర్టు, ఇక్కడ ఓసీఐ (విదేశీ పౌరసత్వమున్న మనవాళ్లకి ఇచ్చే కార్డు).

పెద్దదాన్ని ఎనిమిదిలో ఉండగానే తీసుకురమ్మని మా వదిన మొత్తుకుంది, నేను విననందుకు ఇప్పుడు ఏడుపు. ఎంసెట్లో (ఈఏపీసెట్ అన్నా మాకు ఎంసెట్టే) మన ఏరియాకి లోకల్ అనిపించుకోవాలంటే ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. అంటే తొమ్మిది నుంచి. మేం దిగింది సెప్టెంబర్‌లో, స్కూల్లో చేరింది అక్టోబర్‌లో. ఆ తొమ్మిదో తరగతి పూర్తిగా లెక్కకొస్తుందా రాదా అని ఇప్పటికీ ఒక్కరూ గట్టిగా చెప్పడం లేదు. సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకి, మిగతా 15 శాతంలోనే అందరూ కొట్టుకోవాలి. టెన్షన్ పడక ఏం చేయను.

చిన్నోడికి డాక్టర్ అవ్వాలని. 2021 మార్చిలో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నీట్‌లో ఓసీఐ పిల్లలకి ఎన్నారై సీట్లే. మా ఆయన చూడు, కొండ మీద ఎన్నారై కాదు. కొడుకేమో కాలేజీ దగ్గర ఎన్నారై. కూతురు ఎంసెట్లో లోకల్ అవునో కాదో తెలియదు. ఒకే ఇంట్లో, ఒకే సంగటి ముద్ద తినే నలుగురం!

రావాలనుకునే వాళ్లకి ఒక మాట. పిల్లల బర్త్ సర్టిఫికెట్ మీద, స్కూలు రికార్డుల మీద అక్కడే అపోస్టిల్ ముద్ర (కాగితం బయటి దేశంలో చెల్లేలా వేసేది) వేయించుకుని రండి. అమెరికాలో అయితే పుట్టిన రాష్ట్రం వాళ్లే వేస్తారు. ఇక్కడ స్కూల్లో "టీసీ ఏది" అంటారు. అక్కడి స్కూళ్లలో టీసీ అనే కాగితమే ఉండదని చెబితే, ఏదో తప్పు చేస్తే పంపించేశారేమో అన్నట్టు పిల్లని చూశారు.

గాంధీరోడ్డు_78:
నేను ఈ ఊరు దాటి పోనోణ్ణి. మీ కష్టాలు చదివితే నవ్వొస్తుంది. మాకూ వేలిముద్ర పడదు, మేమూ లైన్లో నిలబడతాం. మీరొచ్చి ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఫ్లాట్లు అడిగిన రేటుకి కొంటున్నారు, దాంతో మా ఇంటి ఓనర్ అద్దె పెంచాడు. అది ఎవరికి చెప్పుకోవాలి?

చంద్రగిరి_అక్క:
అది నిజమే అన్నా. కాదనను.

పీలేరు_కువైట్:
నేను కూడా ఒకటి రాయొచ్చా? ఇక్కడ అందరూ అమెరికా వాళ్లే ఉన్నట్టుంది. మాది పీలేరు పక్కన పల్లె. నా పాస్‌పోర్టులో చిత్తూరు జిల్లా అని ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మాది అన్నమయ్య జిల్లాలో పడింది. నేను ఊళ్లో లేను కాబట్టి జిల్లా కూడా నన్ను వదిలేసి పోయిందని మా ఆడమనిషి నవ్వుతుంది.

14 ఏళ్లు కువైట్‌లో డ్రైవర్‌గా చేశాను. మమ్మల్ని ఎన్నారై అనరు, "కువైట్ వాడు" అంటారు. ఇక్కడ నా లైసెన్సు గడువు అయిపోయి మూడేళ్లు. ఏడాది దాటితే రెన్యువల్ కాదు, మళ్లీ టెస్టు పెట్టాలి. కాబట్టి నేను ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాను. నా పక్కన ఇంటర్ పిల్లోళ్లు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఈ గుర్తుకి అర్థమేంది అని అడిగింది. ఆరు లేన్ల రోడ్డు మీద షేక్ కుటుంబాన్ని పెట్టుకుని 120లో తోలినోణ్ణి, ట్రాక్ మీద రివర్స్ తీస్తుంటే చేతులు వణికి కొయ్యకి తగిలించాను. ఫెయిల్. రెండోసారి పాసయ్యాను లెండి.

అది చిన్న విషయం. వచ్చిన వారం నుంచి చుట్టాలు "ఏం చేద్దామనుకుంటుండావు" అని అడుగుతారు. పెట్టుబడి పెడతానేమో అని ఒకరు, అప్పు ఇస్తానేమో అని ఒకరు. ఉన్న డబ్బులన్నీ ఇల్లు, ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు అయిపోయాయి. ఆ మాట చెబితే నమ్మరు. దాచుకున్నాడంటారు. నా కూతురికి తొమ్మిదేళ్లు, నన్ను చూసి నాలుగు రోజులు తలుపు వెనకాల దాక్కుంది. ఫోన్లో అయితే గలగలా మాట్లాడేది.

అలిపిరి_మెట్లు:
పీలేరు అన్నా, మీది చదివాక నా దర్శనం గొడవ రాయడానికి సిగ్గేసింది. పాప ఇప్పుడు బాగుందా?

పీలేరు_కువైట్:
బాగుంది. స్కూలుకి బండి మీద నేనే దింపుతా. లైసెన్సు వచ్చింది కదా :)

బెంగుళూరా_తోట:
బంగారుపాళెం దగ్గర నాలుగెకరాల మామిడి, బెంగుళూరా కాయ (బయటి వాళ్లు తోతాపురి అంటారు). నాయన పోయాక సిడ్నీ నుంచి వచ్చేశా. అందరూ ఆఫీసుల గురించి రాశారు, నాది ఇంట్లో గొడవ.

1బి (భూమి ఎవరిదో చూపే రికార్డు) నాయన పేరు మీదే ఉంది. నేను లేనప్పుడు మా ఊళ్లో రీసర్వే జరిగింది. పాత సర్వే నంబర్లు పోయి ఎల్పీఎం నంబర్లు (కొత్త సర్వేలో ఒక్కో భూమి ముక్కకి ఇచ్చేవి) వచ్చాయి. కొత్త లెక్కలో మా భూమి 12 సెంట్లు తక్కువ. ఆ 12 సెంట్లు ఎటు పోయాయంటే, పక్క చేను మా చిన్నాయనది. సర్వే రోజు గట్టు మీద నిలబడింది ఆయనొక్కడే, మా తరఫున ఎవరూ లేరు. ఆయన కావాలని చేశాడని నేను అనను. ఉన్నోడు ఎక్కడ చూపిస్తే అక్కడ రాయి పడుతుంది.

అర్జీ పెట్టాను. ఆ రోజు సాయంత్రం చిన్నమ్మ ఇంటికొచ్చి, కాఫీ తాగి, "అక్కడ లక్షలు సంపాదిస్తివి, 12 సెంట్లకి ఆయన మీద అర్జీ పెడితివా నాయనా" అని మెల్లగా అంది. తిట్టినా బాగుండేది. నాయన పోయిన రోజు నాకు టికెట్టు దొరక్క రెండు రోజులు ఆలస్యమైతే అన్నీ చూసింది చిన్నాయనే.

అర్జీ వెనక్కి తీసుకోలేదు, వెంటపడడమూ లేదు. అట్లా ఉంది. ఇక ఆ తోట ఆదాయం అంటారా, 2025లో కాయ రేటు పడిపోతే ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకి 12 అని ప్రకటించారు. నేను సిడ్నీలో ఒక్క మామిడిపండు కొన్న డబ్బుకి ఇక్కడ బుట్టెడు కాయలు. 12 సెంట్ల విలువ ఎంతో మీరే లెక్కేసుకోండి.

మీకు భూములుంటే మాత్రం వచ్చిన వెంటనే ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం) తీయండి, 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ కుదరని భూములు) మీ నంబర్ ఉందేమో చూసుకోండి. మా ఎదురింటాయనకి అమ్మకానికి పెట్టాక తెలిసింది.

లెక్కల_మామ:
ఇక్కడ బ్యాంకు విషయం ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నా. శాశ్వతంగా వచ్చేసిన వాళ్లు ఎన్‌ఆర్‌ఈ ఖాతా (బయటి సంపాదన ఇక్కడ దాచుకునే ఎన్నారై ఖాతా) అట్లాగే ఉంచుకుని వడ్డీకి పన్ను లేదు కదా అనుకుంటున్నారు. తప్పు. బ్యాంకుకి చెప్పి మామూలు ఖాతాగానో ఆర్‌ఎఫ్‌సీ ఖాతాగానో (తిరిగొచ్చిన వాళ్లు డబ్బుని విదేశీ కరెన్సీలోనే ఉంచుకునేది) మార్చుకోవాలి.

మంచి మాట కూడా ఒకటుంది. అంతకు ముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉన్నా, ఏడేళ్లలో కలిపి 729 రోజులు దాటకుండా ఇండియాలో ఉన్నా, కొంతకాలం ఆర్‌ఎన్‌ఓఆర్ (పన్ను లెక్కలో ఇక్కడి వాళ్లే, కానీ పూర్తిగా కాదు) అవుతారు. ఆ కాలంలో మామూలుగా బయటి దేశం ఆదాయం మీద ఇక్కడ పన్ను పడదు. అది ముగిశాక ఆర్‌ఓఆర్, అంటే పూర్తిగా ఇక్కడి వాళ్లు. బంగారుపాళెం అబ్బాయ్, ఇది తాసీల్దారు ఆఫీసులో భూమి హక్కుల ఆర్‌ఓఆర్ కాదు! ఈ ఆర్‌ఓఆర్ అయ్యాక బయటి ఖాతాలు రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపాలి. దాస్తే 10 లక్షల జరిమానా పడొచ్చు.

ఇంకోటి. అమెరికా వదిలే ముందే అక్కడి ఫోన్ నంబర్‌ని గూగుల్ వాయిస్‌కి మార్చుకోండి, 20 డాలర్లు. అక్కడి బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. కొన్ని బ్యాంకులు దానికి పంపవు, అది కూడా అక్కడ ఉండగానే చూసుకోవాలి. విమానం ఎక్కాక ఏం చేయలేం.

కట్టమంచి_కుర్రోడు:
మామా, అక్కడ 800 క్రెడిట్ స్కోరు, ఇక్కడ నాకు క్రెడిట్ కార్డు ఇవ్వనన్నారు. ఇక్కడ రికార్డే లేదట.

లెక్కల_మామ:
ఎఫ్‌డీ వేసి దాని మీద కార్డు తీసుకో. ఏడాది కట్టు. చిన్నపిల్లాడిలా మళ్లీ మొదలుపెట్టాలి, తప్పదు.

చంద్రగిరి_అక్క:
మధ్యలో ఒక నవ్వు. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకి చిన్నోణ్ణి తీసుకుపోయా. వేషాలు కట్టినవాళ్లు బూతులు తిడుతుంటే వాడు నా కొంగు పట్టుకుని "అమ్మా, వాళ్లకి టైమౌట్ ఇవ్వరా" అన్నాడు. ఇది అమ్మవారికి మొక్కురా అని చెప్పా. మరుసటి రోజు హోంవర్క్ చేయమంటే నన్నే తిట్టి, మొక్కు అన్నాడు.

గాంధీరోడ్డు_78:
అక్కా, వాడికి ఆధార్ అక్కర్లేదు. వాడు లోకలే.

అలిపిరి_మెట్లు:
అప్‌డేట్ ఇస్తున్నా. నాన్నని ఆధార్ సెంటర్‌కి తీసుకుపోయి మొబైల్ నంబర్ మార్పించా. ఆయనకి 74. వేలిముద్ర పడలేదు. చేతికి నిమ్మకాయ రుద్దమని ఒకరు, తడిగుడ్డతో తుడవమని ఒకరు. ముప్పై ఏళ్లు చాక్‌పీస్ పట్టుకున్న చేతులు, గీతలు ఎక్కడుంటాయి. చివరికి కంటిపాప స్కాన్‌తో అయింది. తర్వాత నా రిక్వెస్టు ఆయన ఫోన్‌కి వచ్చింది. "నా కొడుకు నా ఇంట్లో ఉన్నాడని నేను ఒప్పుకోవాలా" అని రెండుసార్లు అడిగి మరీ నొక్కాడు.

అడ్రస్ మారింది. నాది మాత్రమే. మా ఆవిడ ఆధార్ ఇంకా మారతహళ్లిలోనే ఉంది, ఇప్పుడు ఆమెకి నేను కుటుంబ పెద్దగా ఒప్పుకోవాలి. పెద్దరికం నాకు వచ్చిందని ఇంట్లో చెబితే ఎవరూ పట్టించుకోలేదు.

వచ్చే మంగళవారం టోకెన్లు ఎక్కడిస్తారో ఎవరికైనా తెలుసా?

గాంధీరోడ్డు_78:
2024 డిసెంబర్‌లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు మహతి ఆడిటోరియంలో ఇచ్చారు. నేను తెల్లారక ముందే పోయి నిలబడ్డా. ఒకసారి కనుక్కుని రా. నేనూ వస్తా, స్వెటర్ వేసుకో.

ఎడిసన్_నుంచి:
అందరికీ నమస్కారం. అలిపిరి అన్నా, మీరు తిరుపతిలోనే సెటిలయ్యారని చదివాను. మేం డిసెంబర్‌లో వస్తున్నాం, ఎనిమిది మందిమి. దర్శనానికి మీకు ఎవరైనా తెలిసినవాళ్లు ఉంటే...

అలిపిరి_మెట్లు:
తమ్ముడూ, పాస్‌పోర్టులు ఒరిజినల్‌వి తెచ్చుకో. స్టాంపు మీద తేదీ చూసుకో. నెల దాటనీకు.