ప్యాకేజీ బిల్డ్ హోమ్ డైరెక్టరీలో రాయవచ్చా?

ప్రశ్న
నమస్కారమండీ. డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టం) కోసం ఒక తెలుగు నిఘంటువు ప్రోగ్రామును ప్యాకేజీ చేస్తున్నాను. ప్యాకేజీల తయారీకి తోడ్పడే డెబ్‌హెల్పర్ పనిముట్లను కంపాట్ 12 (అనుకూలత స్థాయి 12)తో వాడుతున్నాను. నా ల్యాప్‌టాప్‌లో బిల్డ్ (సోర్సు నుంచి ప్యాకేజీ తయారీ) సాఫీగా పూర్తవుతోంది గానీ, విడిగా ఉంచిన శుభ్రమైన వాతావరణంలో బిల్డ్ చేసే ఎస్‌బిల్డ్‌లో మాత్రం టెస్టుల దగ్గర ఆగిపోయి, హోమ్ (వాడుకరి సొంత డైరెక్టరీ) కింద ‘.క్యాష్’ ఫోల్డరును సృష్టించలేకపోయానని చెబుతోంది. బిల్డ్ ఎలా జరగాలో చెప్పే రూల్స్ ఫైలులో హోమ్‌ను ‘/టీఎంపీ/నిఘంటువు’కు మళ్ళిస్తే సరిపోతుందా?

జవాబు 1
సరిపోదండీ. డెబియన్ పాలసీ 4.9వ విభాగం ప్రకారం బిల్డ్ తన సోర్స్ ట్రీ (ప్యాకేజీ సోర్సు విప్పిన డైరెక్టరీ) దాటి రాయకూడదు; హోమ్‌లో రాయకూడదని అక్కడ విడిగా చెప్పారు కూడా. మినహాయింపులు రెండే: తయారైన ప్యాకేజీలను సోర్స్ ట్రీకి ఒక మెట్టు పైనున్న డైరెక్టరీలో పెట్టవచ్చు; తాత్కాలిక ఫైళ్ళకు ఉద్దేశించిన /టీఎంపీ, /వార్/టీఎంపీల్లోనూ, టీఎంపీడీఐఆర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూపే చోటా రాయవచ్చు గానీ, అక్కడ ఉన్న వాటిపై ఆధారపడకూడదు. మీరు మార్చని పేరుతో ఫోల్డరు పెడితే, నిన్నటి బిల్డ్ వదిలిన ఫైళ్ళు నేటి బిల్డ్‌కు దొరుకుతాయి. అదే సోర్సు రెండు యంత్రాల్లో రెండు రకాలుగా ప్రవర్తించడానికి అంతకు మించి ఏమీ అక్కరలేదు. ఇలాంటివి బయటపడాలనే ఎస్‌బిల్డ్ అసలు లేని డైరెక్టరీని హోమ్‌గా చూపిస్తుంది. కంపాట్ 13కు మారండి; అప్పటి నుంచి డెబ్‌హెల్పరే బిల్డ్ ట్రీ లోపల ఒక ఖాళీ డైరెక్టరీని హోమ్‌గా ఇస్తుంది.

జవాబు 2
పై సలహా సరైనదే, అయితే నన్ను కలవరపెడుతున్నది ఎస్‌బిల్డ్‌లో ఆగిపోవడం కాదు, మీ ల్యాప్‌టాప్‌లో ఆగకపోవడం. మీ హోమ్‌లోని క్యాష్ ఫోల్డరును పక్కకు జరిపి బిల్డ్ చేసి చూడండి. మేక్ ఇన్‌స్టాల్ వరుసలో డెస్ట్‌డిర్ (ఫైళ్ళను ఏ డైరెక్టరీ కింద పెట్టాలో చెప్పే వేరియబుల్) ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే ఫైళ్ళు ప్యాకేజీలోకి కాకుండా నేరుగా మీ సిస్టంలోకి వెళ్ళిపోతాయి.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. డెస్ట్‌డిర్ సరిగానే ఉంది. క్యాష్‌ను జరిపి, కంపాట్ 13తో మళ్ళీ బిల్డ్ చేస్తే, ఇన్నాళ్ళూ సాఫీగా దాటిన టెస్టు నా ల్యాప్‌టాప్‌లోనే విఫలమైంది. రెండు నెలల క్రితం నేను చేతితో నడిపినప్పుడు హోమ్‌లోని క్యాష్‌లో మిగిలిన పాత పదసూచికనే అది ఇంతకాలం చదువుతూ వచ్చిందట. కొత్తగా తయారవుతున్న సూచికలో ‘క్ష’తో మొదలయ్యే పదాలు ఒక్కటీ లేవు. ముందు దాన్ని సరిచేసి, తరువాతే ప్యాకేజీని పంపుతాను.