చెరువు కట్ట మీదికి బండ్లు రాకూడదు, వీల్‌చెయిర్ ఆగకూడదు. ఎలా?

హైదరాబాద్‌లో మా కాలనీవాళ్లం కలిసి చెరువు కట్ట మీద తుప్పలు కొట్టి, మొరం పోసి, 900 మీటర్ల దారి వేసుకున్నాం. నడకకీ, సైకిళ్లకీ అదే. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది కానీ, పిల్లలు అక్కడిదాకా వెళ్లాలంటే మెయిన్‌రోడ్డే గతి.

ఉదయం 8 నుంచి 9.30 దాకా ఆఫీసులకెళ్లే బండ్లు షార్ట్‌కట్ అని ఇందులోంచే దూరుతున్నాయి. బోర్డు పెట్టాం. ఆ బోర్డు కిందే బండి ఆపి ఫోన్లు మాట్లాడుతున్నారు! 90 సెంటీమీటర్ల సందు వదిలి ఇనప పైపులు పాతితే స్కూటీలు దర్జాగా దూరాయి. 60కి తగ్గిస్తే ఎదురింటి తాతగారి వీల్‌చెయిర్ ఇరుక్కుంది. జిగ్‌జాగ్ గేటులో పిల్లల సీటున్న సైకిల్ తిరగలేదు.

సైకిలు, వీల్‌చెయిరు పోతూ స్కూటీ మాత్రం ఆగేలా మీ దగ్గర పనిచేసిన గేటు ఏది, కొలతలెంత?