కాలుష్యాన్ని ఆపాలంటే ఎక్కడ ఉద్యోగం చేయాలి: బోర్డులోనా, కంపెనీలోనా?

చౌటుప్పల్ విద్యార్థిని: కెమికల్ ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాను. మా ఊరి చుట్టూ మందుల కంపెనీలే, బోరు నీళ్లు వాసన వస్తాయి. ఈ పనే చేయాలని నా పట్టుదల. పొల్యూషన్ బోర్డులో ఇంజనీర్ పోస్టుకు చదవనా, కంపెనీలో పర్యావరణం, ఆరోగ్యం, భద్రత చూసే ఈహెచ్‌ఎస్‌లో చేరనా? బోర్డువాళ్లు చేసేదేమీ ఉండదని నాన్న అంటున్నాడు.

పోచంపల్లి రైతు: మీ నాన్న చెప్పింది నిజం చెల్లె. వాన పడే రాత్రి చూసి కంపెనీవాళ్లు వ్యర్థాల నీళ్లు వాగులోకి వదులుతారు, బోర్డువాళ్లు వచ్చేసరికి అంతా కొట్టుకుపోతుంది. 2019లో నల్లమల యురేనియం తవ్వకాలు వద్దని అసెంబ్లీ తీర్మానం చేసిందంటే జనం రోడ్డెక్కబట్టే. బయటే ఉండి కొట్లాడు.

ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటు) కెమిస్ట్, మిర్యాలగూడ: తమ్ముడూ, నల్లమలలో గని ఇంకా మొదలే కాలేదు. ఇక్కడ కంపెనీలు నడుస్తున్నాయి. నడిచే కంపెనీ మీద కేసు నిలవాలంటే రుజువు కావాలి. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ రుజువుకు నీళ్ల నమూనా బోర్డు మనిషే తీయాలి. యాజమాన్యానికి నోటీసివ్వాలి, వాళ్ల ముందే రెండు భాగాలు చేసి సీలు వేయాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఈ సెక్షన్ చెప్పిన పద్ధతి పాటించకపోతే రిపోర్టు కోర్టులో చెల్లదు. మీరు సీసాలో పట్టిన నీళ్లు ఎంత నల్లగా ఉన్నా ఆ సెక్షన్ కింద సాక్ష్యం కావు. ఆ కుర్చీలో పని తెలిసిన మనిషి లేకపోతే మీ పోరాటం ఫిర్యాదు దగ్గరే ఆగిపోతుంది.

పోచంపల్లి రైతు: నీళ్లు దొరికితే కదన్నా సీలు వేసేది?

ఈటీపీ కెమిస్ట్: నీళ్లు దొరక్కపోయినా లెక్కలు దొరుకుతాయి. చుక్క కూడా బయటికి వదలబోమని అనుమతి తీసుకున్న కంపెనీ, ఉప్పు నీళ్లను ఎంఈఈ అనే ఆవిరి యంత్రంలో మరిగించి ఆవిరి చేయాలి. దానికి స్టీమ్ ఖర్చు విపరీతం, దొంగచాటుగా వదిలేది అందుకే. ఎంఈఈ నిజంగా నడిస్తే బాయిలర్‌లో బొగ్గు కాలాలి, అడుగున ఉప్పు మిగలాలి, ఆ ఉప్పు దుండిగల్ వ్యర్థాల కేంద్రానికో మరోచోటికో లారీలో పోయినట్టు కాగితం ఉండాలి. కొన్న నీళ్లు, వాడిన స్టీమ్, పంపిన ఉప్పు పొంతన కుదరకపోతే ఆ నీళ్లు ఎక్కడికి పోయాయో యాజమాన్యమే చెప్పాలి. అదే చట్టం 33ఏ సెక్షన్ కింద మూసేయమని, కరెంటు ఆపమని ఆదేశించే అధికారం బోర్డుకుంది. ఈ లెక్కలు రాసే రిజిస్టర్లు కంపెనీలో ఉండి నేనూ చూశాను, తేడా ఉందని పైవాళ్లకు చెప్పాను. చెప్పడం వరకే నా చేతిలో ఉండేది.

అమ్మా, నువ్వు బోర్డు పరీక్షే రాయి. నోటిఫికేషన్ పడేలోగా ఏదైనా ఈటీపీలో ట్రైనీగా చేరి, ఆ రిజిస్టర్లు ఎలా నింపుతారో దగ్గరుండి చూడు.

పోచంపల్లి రైతు: గట్టిగా పనిచేస్తే బదిలీ చేయరా?

ఈటీపీ కెమిస్ట్: చేయొచ్చు. అందుకే తనిఖీ రిపోర్టు ఆ రోజే రాసి ఫైల్లో పెట్టాలి. ఇంజనీర్ వెళ్లిపోయినా ఆ కాగితాన్ని మీరు ఆర్టీఐలో అడగొచ్చు, చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ ముందు పెట్టొచ్చు.